పిడుగురాళ్లకు సున్నం

మా మనవరాలు ఏడో తరగతి. పోయిన వారం బడి నుంచి వచ్చి సంచీ ఒక మూలకి, బూట్లు ఒక మూలకి విసిరేసి, ఒక కాగితం తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"చూడు తాతా, నువ్వు చేసిన పని."

ఇంగ్లీషు పరీక్ష కాగితం. కింది భాగంలో ఇడియంలు ఇచ్చి అర్థాలు రాయమన్నారు. 'న్యూకాసిల్‌కి బొగ్గు మోసుకుపోవడం' అనే మాట ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. దాని పక్కన మా పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో, ఇంగ్లీషులోనే, 'ఇది పిడుగురాళ్లకు సున్నం తీసుకుపోవడం లాంటిది' అని రాసింది. దాని మీద ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ.

"క్లాసులో అందరూ నవ్వారు. ఇకనుంచి నువ్వు నాకు ఇంగ్లీషు చెప్పొద్దు" అని లోపలికి పోయింది.

నేను ఆ కాగితం పట్టుకుని వరండాలో కూర్చున్నా. ఇప్పుడు మేముండేది నరసరావుపేటలో, ఇంటి ముందు రోడ్డు మీద బళ్లు మోతెక్కిస్తా పోతన్నయ్. నా చెవులకి అవేవీ వినపడలా. నాకు ఆ ఇంటూ కొత్త కాదు. నేను లాగూ వేసుకునే రోజుల్లో, ఇదే ఊళ్లో, ఇదే జవాబుకి నన్నూ ఇట్టాగే కొట్టేశారు. ఆ లాగూ ఎప్పుడో మసిగుడ్డ అయింది. కొట్టేసినవాళ్లు పోయారు. ఆ ఇంటూ ఒక్కటే చావకుండా తిరిగి తిరిగి మా ఇంటికొచ్చింది.

నేను పుట్టి పెరిగింది మాచర్ల అవతల ఒక చిన్న బజారు ఊళ్లో. ఊళ్లో బడి ఎనిమిదో తరగతితో ఆఖరు. బజారు మధ్యలో శెట్టిగారి కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ నడుమ సరుకుల గది. ముందు గుమ్మం ఎక్కితే కిరసనాయిలు వాసన, ఇంకాస్త లోపలికి పోతే బెల్లం, దాన్ని దాటితే ముక్కుల్లోకి మిరపకాయల ఘాటు. కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నానో చెప్పేవాణ్ని. ఆ రోజుల్లో మా వైపు రైతుల చేతుల్లో డబ్బు ఆడేది కాదు. కందులు పోసి ఉప్పు పట్టుకుపోయేవాళ్లు, ఆముదాలు పోసి బట్ట చింపించుకునేవాళ్లు. సరుకుకి సరుకు. ఊరికే ఇవ్వడం, ఊరికే పుచ్చుకోవడం ఆ కొట్లో లేదు.

మా ఇంటి నుంచి శెట్టిగారింటికి పాల వాడుక. పొద్దున్నే పాలచెంబు తీసుకుని పెరటి దోవన పోవడం నా పని. పోతూ పోతూ సరుకుల గదిలో బెల్లం దిమ్మల కింద పరిచిన చాప అంచుని వేలితో రాసి నాక్కోవడం కూడా నా పనే. దాని సంగతి శెట్టిగారికి తెలుసు. నా వేలు చూసి, "ఒరేయ్, చాప మిగిల్చావా?" అనేవాడు.

పెరట్లోకి వచ్చేసరికి వాసన మారిపోయేది. చింతగింజల పిండి ఉడకేసిన జిగురు వాసన. గుంటూరు నుంచి పాత పేపర్లు కట్టలు కట్టలుగా వచ్చేవి, తెలుగువీ ఇంగ్లీషువీ కలిసి. ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని వాటిని కోసి, మడిచి, జిగురు రాసి సరుకుల సంచులు చేసేవాళ్లు. వాళ్లలో ఆఖరున కూర్చునే ఆమె శెట్టిగారి చిన్న కోడలు. గుంటూరు పిల్ల. అక్కడ కాన్వెంటులో స్కూలు ఫైనలు దాకా చదివి, ఈ పెరట్లోకి కాపరానికి వచ్చింది. నేను ఆమెని చిన్నమ్మా అనేవాణ్ని. ఆమె అత్తగారిని మామ్మా అనేవాణ్ని.

చిన్నమ్మ చేతిలో సంచులు నెమ్మదిగా తయారయ్యేవి. జిగురు రాసే ముందు ఆ ముక్క మొత్తం చదివేది. మామ్మ వసారాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తా ఒక కన్ను ఇటే వేసి ఉంచేది.

"ఏమే, ఆ కాగితాన్ని అంటిస్తన్నావా, పెళ్లిచూపులు చూస్తన్నావా?"

"అంటిస్తున్నా అత్తయ్యా. మడత సరిగా రాలేదు."

మడత ఎప్పుడూ సరిగానే వచ్చేది. ఒకరోజు పాలచెంబు దించి నేనే అడిగా, "చిన్నమ్మా, అందులో ఏముంది?" అని.

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"సారు చదువుతాడు, మేం అరుస్తాం. అంతవరకు వచ్చు."

ఆమె కాగితం మీద ఒకచోట వేలు పెట్టి చదివింది. గడ్డివాములో సూది వెతకడం అని అర్థం చెప్పింది. దొరకని దాన్ని వెతికేటప్పుడు అట్టా అంటారంట.

"గడ్డివాములో సూదితో ఏం పని చిన్నమ్మా? పోయిన ఏడు మా అమ్మ ముక్కుపుల్ల మిరప కళ్లంలో పడిపోయింది. ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటా, కళ్లు తుడుచుకుంటా వెతికాం. దొరకలా. అదీ వెతకడమంటే."

చిన్నమ్మ జిగురు చెయ్యి అట్టాగే గాలిలో ఉంచి నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. నవ్వి, "ఇదిరా సరుకంటే" అంది. "ఇక మీదట నా దగ్గర ఒక మాట కావాలంటే నువ్వొక మాట తెచ్చివ్వాలి. ఊరికే ఇవ్వడం మా కొట్లో లేదు."

అట్టా మొదలైంది మా బేరం. ఆ ఎండాకాలమంతా నేను పాలు పోసి ఇంగ్లీషు పట్టుకుపోయా. ఆమె ఒక ఇడియం చదివేది. నేను దాన్ని జేబులో పెట్టుకుని పొలం పోయేవాణ్ని, గొర్రెల వెంట తిరిగేవాణ్ని, వాగులో దూకేవాణ్ని. ఎక్కడో ఒకచోట దానికి సరిపడే మాట తగిలేది. తెల్లారి తెచ్చి అప్పజెప్పేవాణ్ని. ఎప్పుడో అరుదుగా జరిగేదాన్ని దొరలు నీలం చందమామ పొడిచినప్పుడు అంటారంట. "వెల్దుర్తిలో వాన పడ్డప్పుడు" అని నేనిచ్చా. వెల్దుర్తి మా అమ్మ పుట్టిల్లు. అక్కడ మా మేనమామలు మబ్బుని చూసి చూసి మెడలు పట్టేసి కూర్చునేవాళ్లు. చిన్నమ్మ ఆ మాట చప్పున పుచ్చుకుంది. కుక్కలూ పిల్లులూ వానగా కురవడం అన్నదానికి మాత్రం నా దగ్గర సరుకు లేకపోయింది. అట్టాంటి వాన మా వైపు పడితేగా. మృగశిర కార్తెలో ఒక సాయంత్రం ఆకాశం చిల్లు పడ్డట్టు దిగింది. తెల్లారి తడిసిన చొక్కాతోనే పరిగెత్తా. "చిన్నమ్మా, కోటప్పకొండ తిరనాళ్ల జనం దిగినట్టు దిగింది వాన." ఆమె నాకు వేరుశనగ ఉండ చేతిలో పెట్టి, "ఇది పై లాభం" అంది.

ఒకదాన్నొకటి పోలి ఉండే మాటలు కొన్ని ఉంటయ్. లూజ్ అంటే పోగొట్టుకోవడం, లూస్ అంటే వదులు. క్వయిట్, క్వయెట్. అడ్వైస్, అడ్వైజ్. ఇట్టాంటివాటి దగ్గర చిన్నమ్మే ఆగిపోయింది. "వీటిని మా సిస్టర్లు బట్టీ పట్టించారురా. నీకెట్టా చెప్పాలో నాకు తెలీడం లేదు" అంది.

మా ఇంట్లో ఒకే ఆవుకి పుట్టిన కోడెలు రెండుండేవి. ఒకే ఈడు వాటిలా ఒకే రంగు, ఒకే కొమ్ములు. బయటివాళ్లు చూస్తే ఏది ఏదో పోల్చుకోలేరు. కానీ ఒకటి వలపట, అంటే కాడికి కుడిపక్క తప్ప నడవదు, ఇంకోటి దాపట, ఎడమపక్క తప్ప నడవదు. మార్చి కట్టావా, బండి ముందుకు పోదు, పక్కకు లాగుతుంది. మా నాన్న వాటిని మొహం చూసి గుర్తుపట్టేవాడు కాదు, కాడి మీద పెట్టి చూసేవాడు. ఆ సంగతి చిన్నమ్మకి చెప్పా.

ఆమె అంతా విని, "అయితే వీటినీ కాడి కట్టి చూద్దాం" అంది. అప్పటినుంచి ఏ జత మాటలొచ్చినా ఒక వాక్యం చెప్పేది. ఆ వాక్యంలో ఒకదాన్ని కట్టి చూడు, బండి నడిచిందా లేదా. నడవకపోతే రెండోదాన్ని కట్టు. ఇప్పటికీ నేను అట్టాగే కడతా. ఈ వయసులో ఇంగ్లీషు పేపరు చదివేటప్పుడు తప్పు ఎద్దుని కట్టిన వాక్యం కనపడితే నాకు ఒళ్లు మండుద్ది. అచ్చేసేవాళ్లకి మండదు కామోసు.

ఒకే ఒక్క మాటకి నేను బాకీ పడ్డా. న్యూకాసిల్‌కి బొగ్గు మోసుకుపోవడం. ఆ ఊళ్లో బొగ్గు గనులంట. అక్కడికి ఎవడన్నా బొగ్గు మోసుకుపోతే వాణ్నేమనాలి? నాకు ఎంతకీ దొరకలా. చిన్నమ్మ రోజూ అడిగేది. "ఏరా, న్యూకాసిల్ సరుకు ఎప్పుడు దిగుతుంది?"

"దోవలో ఉంది చిన్నమ్మా."

ఇంతలో మామ్మ కూరగాయల ఆమెతో పోట్లాట పెట్టుకుంది. కొసరు వంకాయ ఒకటి వెయ్యలేదని. ఆ ఒక్క వంకాయ కోసం ఇద్దరూ వాళ్ల వాళ్ల ముత్తాతల దాకా పోయారు. వీధి వీధంతా పనులు మానుకుని చూసింది. నేను పాలచెంబుతో నిలబడి, నోరూరుకోక, "స్టార్మ్ ఇన్ ఎ టీకప్" అన్నా. అంటే చిన్న గిన్నెలో పెద్ద గాలివాన. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలా.

మామ్మ చటుక్కున ఇటు తిరిగింది.

"ఏందిరా అన్నావు?"

"ఏం లేదు మామ్మా."

"ఏం లేనిదానికి అది అంత నవ్వుద్దా? నా ఇంట్లో కూర్చుని, నా ఎదురుగా, నన్నే ఇంగ్లీషులో తిడతన్నారా ఇద్దరూ?"

ఆ రోజు ఆ పెరట్లో జరగాల్సిందంతా జరిగింది. సంచులు ఎందుకు తక్కువగా తయారవుతున్నయ్యో మామ్మకి తెలిసిపోయింది. ఆమె అరవలా. అరిస్తే బాగుండేది. వక్కల కత్తెర పక్కన పెట్టి నింపాదిగా అంది.

"అమ్మాయ్, నువ్వు చదివిన చదువు మాకేం ఒరిగించలా. పోనీ ఈ పిల్లాడికన్నా ఒరిగిద్దేమో చూద్దాం. వీణ్ని పేట హాస్టలు పరీక్షకి పంపిస్తారంటగా. వీడికి సీటొచ్చిందా, నీ చదువుకి విలువుందని నలుగురిలో ఒప్పుకుంటా. ఊళ్లో పిల్లలందరికీ చెప్పుకో, వసారాలోనే కూర్చుని చెప్పుకో. రాలేదా, ఆ కాగితాలు అంటించు, చదవమాకు. వీడు పాలు వాకిట్లో దించి పోతాడు."

చిన్నమ్మ తలెత్తి, "సరే అత్తయ్యా" అంది. నా వంక చూడలా. చూడకపోయినా ఆ మాట నా భుజాల మీద కాడిలా పడింది.

నరసరావుపేటలో ఒక హైస్కూలుకి ధర్మ హాస్టలు ఉండేది. ఏటా మా వైపు నుంచి ఒక పిల్లాణ్ని ఊరికే చేర్చుకుని స్కూలు ఫైనలు దాకా తిండి పెట్టి చదివించేవాళ్లు. ఆ ఒక్క సీటు కోసం కమిటీ వాళ్లు కూర్చుని అడిగేవాళ్లు. మా సారు నా పేరు పంపాడు. అది వస్తే నాకు చదువు. రాకపోతే మెట్టపొలం. అంతవరకే అయితే భయపడేవాణ్ని కాదు. చిన్నమ్మ నోరు నా చేతిలో పెట్టి పంపింది ఆ మామ్మ.

మా నాన్నా నేనూ మొదటి బస్సెక్కాం. ఒళ్లో అమ్మ కట్టిన సద్ది మూట, గోంగూర పచ్చడి వాసన బస్సంతా. గురజాల దాటి పిడుగురాళ్ల వచ్చేసరికి నేను కిటికీలోంచి తల బయటపెట్టా. అంతా తెలుపు. బట్టీల నుంచి పొగ, రోడ్డు మీద సున్నం, చెట్ల ఆకుల మీద సున్నం, గేదె వీపు మీద సున్నం, టీ కొట్టతని కనుబొమల మీద సున్నం. లారీలు సున్నం మూటలు ఎక్కించుకుని ఊళ్లోంచి బయటికే పోతన్నయ్, ఒక్కటీ సున్నంతో లోపలికి రావడం లేదు.

"నాన్నా, పిడుగురాళ్లకి ఎవరన్నా సున్నం మోసుకొస్తారా?"

"పిచ్చోడు మోసుకొస్తాడు" అన్నాడు మా నాన్న.

సరుకు దొరికింది. న్యూకాసిల్ బాకీ తీరిపోయింది. అక్కడే బస్సు దిగి వెనక్కి పరిగెత్తి చిన్నమ్మకి చెప్పాలనిపించింది. పేట చేరేదాకా ఆ మాటని నోట్లో పెట్టుకుని చప్పరిస్తానే ఉన్నా.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కోటు వేసుకున్న హెడ్మాస్టరు. ఒక పక్క కళ్లజోడు ఆయన, ఒక పక్క తలపాగా చుట్టుకున్న పెద్దాయన. ఆయన మా పల్నాటి రైతే. చేతులు చూస్తేనే తెలుస్తంది.

హెడ్మాస్టరు జత మాటలు అడిగాడు. నేను మనసులో కాడి కట్టుకుని అన్నీ చెప్పా. ఒక్క ఎద్దూ తప్పుకోలా. ఆయన కళ్లజోడాయన వంక చూసి తల ఊపాడు. సీటు నా దగ్గరికి నడుచుకుంటా వస్తన్నట్టే ఉంది.

"సరే, నీకు తెలిసిన ఇడియం ఒకటి చెప్పి, అర్థం చెప్పు."

నాకు తెలిసినవి గంపెడున్నయ్. కానీ నోట్లో ఉన్నది ఒకటే. న్యూకాసిల్ మాట గడగడా చెప్పా.

"అర్థం?"

"పిడుగురాళ్లకి సున్నం మోసుకుపోవడం సార్."

ఆ తలపాగా పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నిండుగా, కడుపులోంచి. అది చూసి కళ్లజోడాయన నవ్వాడు. గుమ్మంలో వరసలో నిలబడ్డ పిల్లలంతా నవ్వారు. హెడ్మాస్టరు మొహం ఎర్రబడింది.

"అర్థం అడిగాను, మీ ఊరి కబుర్లు కాదు. ఇంగ్లీషులో చెప్పు."

"లైమ్ టు పిడుగురాళ్ల సార్."

నవ్వు ఇంకా పెరిగింది. "మమ్మల్ని నవ్వించడానికి వచ్చావా?" అని ఆయన నా పేరు మీద గీత గీశాడు. తర్వాత వచ్చిన పిల్లాడు గైడులో ఉన్న అర్థాలు కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. సీటు వాడిది. వాడి మీద నాకు కోపం లేదు. వాడికీ ఆకలే, వాడికీ చదువు కావాలి. హెడ్మాస్టరు మీద కూడా ఇప్పుడు అంత లేదు. పుస్తకంలో లేనిది ఆయనకి తెలియదు, తెలియనిదాన్ని తప్పన్నాడు.

నా కోపమంతా ఆ తలపాగా మీద. ఆయనకి అర్థమైంది. అర్థం కానివాడు అట్టా నవ్వడు. కళ్లల్లో నీళ్లు వచ్చిందాకా నవ్వాడంటే, ఆ మాట తిన్నగా ఆయన కడుపులోకి పోయింది. "అయ్యా, పిల్లాడు సరిగ్గానే చెప్పాడు" అంటే ఆయన సొమ్మేం పోయేది? ఇంగ్లీషు బల్ల ముందు తెలుగు రైతు నోరెత్తకూడదని ఎవరు చెప్పారు ఆయనకి? నవ్వుకుని, కండువాతో కళ్లు తుడుచుకుని, మెదలకుండా కూర్చున్నాడు. అరవై ఏళ్లు దాటినయ్. ఆ కళ్లు తుడుచుకోవడం నేను మర్చిపోలా.

తిరుగు బస్సులో మా నాన్న, "పోనీలే, పొలముందిగా" అన్నాడు. పిడుగురాళ్లలో మళ్లీ ఆ తెలుపంతా కనపడింది. నేను కిటికీ వైపు చూడలా.

మర్నాడు పాలు తీసుకుని పోయా. వసారాలో మామ్మ, పెరట్లో చిన్నమ్మ. నేను సీటు ఊసెత్తకుండా ముందు చిన్నమ్మ దగ్గరికే పోయి గొంతు తగ్గించి చెప్పా.

"న్యూకాసిల్ సరుకు తెచ్చా. పిడుగురాళ్లకి సున్నం."

ఆమె మొహం ఎట్టా వెలిగిందో ఇప్పుడు రాయాలంటే నాకు మాటలు చాలవు. జిగురు చేతుల్తోనే చప్పట్లు కొట్టింది. "సరిగ్గా సరిపోయిందిరా. తూకానికి తూకం" అంది. ఈ లోకంలో నా జవాబుకి పడ్డ రైటు అదొక్కటే.

"వచ్చిందా సీటు?" మామ్మ వసారాలోంచి అడిగింది.

నేను తల అడ్డంగా ఊపా. చిన్నమ్మ నా వంక చూసింది. చేతులు దించుకుంది. కాగితం తీసుకుని, చదవకుండా, జిగురు రాసి అంటించింది.

మర్నాటినుంచి పాలు వాకిట్లో దించి రావడమే. పెరటి తలుపు నాకు వేసేశారు. ఎనిమిదితో నా బడి అయిపోయింది, నాగలి పట్టా. బజార్లో మామ్మ ఎదురైతే, "బాగున్నావురా అబ్బాయ్" అని పలకరించేది. ఆమె చెడ్డ మనిషని నేను అనను. మాట ఇచ్చింది, మాట నిలబెట్టుకుంది. తక్కెడ తప్పుగా ఉన్నచోట తూకం ఎంత సరిగ్గా వేస్తే ఏం?

కానీ ఒకటి జరిగింది. మా అమ్మ కొట్టుకి పోయి జీలకర్రో పసుపో తెస్తే, అది ఎప్పుడూ ఇంగ్లీషు పేపరు సంచిలోనే వచ్చేది. మా పక్కింటాళ్లకి తెలుగు సంచులు, ఎదురింటాళ్లకి తెలుగు సంచులు. మాకు మాత్రం ఇంగ్లీషు. అమ్మకి అది తెలియదు, శెట్టిగారికీ తెలియదు. లోపలినుంచి ఎవరో ఏరి పంపితే తప్ప అట్టా జరగదు. ఆ సంచుల జిగురు తడిపి, మడతలు విప్పి, ఆరబెట్టి చదివేవాణ్ని. వార్త సగంలో తెగిపోయేది, మిగతా సగం ఇంకో నెలకి ఇంగువతో వచ్చేది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అట్టా వచ్చిందే. బడి ఇచ్చింది కాదు. కొన్నేళ్లకి శెట్టిగారి కుటుంబం కొట్టు ఎత్తేసి ఊరు వదిలి పోయింది. తర్వాత ప్లాస్టిక్ కవర్లు వచ్చినయ్. వాటి మీద చదవడానికేముంది?

ఇదంతా తలుచుకుని, మనవరాలి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు వాళ్ల బడికి పోయా. గేటు దగ్గర పేరు రాయించుకున్నారు, ఫోటో తీశారు. ఏదో దొంగతనానికి వచ్చినట్టు. కాసేపటికి ఇంగ్లీషు టీచరు వచ్చింది. పాతికేళ్ల పిల్ల.

"చెప్పండి తాతగారూ."

కాగితం ముందు పెట్టా. "ఇది ఎందుకు తప్పో చెప్పమ్మా."

ఆమె చూసి నవ్వింది. నాకు నెత్తికెక్కింది. "ఎందుకు నవ్వుతున్నావు?"

"మాది పిడుగురాళ్లే తాతగారూ. మా నాన్న సున్నం లారీ నడిపేవాడు. మీ పాప రాసింది చదివినప్పుడు కూడా ఇట్టాగే నవ్వొచ్చింది."

"అయితే నీకు అర్థమైంది."

"ఎందుక్కాలేదు?"

"మరి ఇంటూ ఎందుకు కొట్టావు?"

ఆమె నవ్వు పోయింది. "మాకిచ్చిన జవాబుల కీలో లేదు తాతగారూ. కీ హెడ్డాఫీసు నుంచి వస్తుంది. కాగితాలు మళ్లీ అక్కడికే పోయి చెకింగ్ అవుతయ్. కీలో లేనిదానికి మార్కేస్తే నన్నడుగుతారు."

ఇన్నేళ్లకి ఆ తలపాగా మళ్లీ నా ఎదురుగా కూర్చుంది. ఈసారి నేను లాగూ కుర్రాణ్ని కాదు.

"అమ్మా, మార్కు వద్దు. ఆ ఇంటూ కూడా ఉండనీ. నీకు అర్థమైందని దాని పక్కన రాసివ్వు. చాలు."

"దేనికండీ?"

"మా పిల్ల మీద క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లకి అర్థం కాలేదు, నీకయింది. ఆ తేడా దానికి తెలియాలి. ఒకప్పుడు ఒకాయనకి అర్థమయి కూడా నోరు విప్పలేదు. దానివల్ల ఒకామె నోరు మూతపడింది."

ఆమెకి నేనేం చెబుతున్నానో పూర్తిగా తెలిసి ఉండదు. తలుపు వంక ఒకసారి చూసింది. గోడ మీద కెమెరా వంక ఒకసారి చూసింది. తర్వాత పెన్ను తీసి, ఎర్ర ఇంటూ పక్కన, చిన్న అక్షరాలతో, తెలుగులో, 'నాకు అర్థమైంది' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది. ఒక మాట అర్థమైందని ఒప్పుకోవడానికి ఒక టీచరు భయపడాల్సిన బళ్లు కట్టినవాళ్లని ఏమనాలో నా దగ్గరున్న రెండు భాషల్లోనూ మాట లేదు.

సాయంత్రం మనవరాలు ఆ కాగితం తిప్పి తిప్పి చూసింది.

"మార్కు వేసిందా?"

"లేదు."

"మరి దీన్నేం చేసుకోను తాతా?"

అప్పుడు దానికి చిన్నమ్మ సంగతి చెప్పా. జిగురూ, బెల్లం చాపా, మామ్మ పందెం, అన్నీ. అది మధ్యలో ఫోను ముట్టుకోకుండా విన్నది. అయ్యాక కాగితాన్ని సంచిలో దోపకుండా తన పుస్తకాల అలమర తలుపుకి లోపలివైపు అంటించుకుంది.

"పరీక్షలో మాత్రం కీలో ఉన్నదే రాస్తా తాతా. ఇప్పుడే చెబుతున్నా."

"రాసుకో. నా దగ్గర మాత్రం సరుకిస్తేనే సరుకు."

"సరే, ఒకటి ఇవ్వు."

నీలం చందమామ ఇచ్చా. అది క్షణం కూడా ఆలోచించలా. "నాన్న ఫోను కింద పెట్టినప్పుడు" అంది.

తూకానికి తూకం. దాని తండ్రి అక్కడే సోఫాలో ఉన్నాడు, తల కూడా ఎత్తలా. నేను చప్పట్లు కొట్టా. నా చేతులకి జిగురు లేదు కానీ, చింతగింజల వాసన ఎక్కడినుంచో వచ్చింది. ఆ రోజు ఆ బల్ల వెనకనుంచి ఈ రెండు మాటలు, 'నాకు అర్థమైంది' అని, ఆ పెద్దాయన పైకి అని ఉంటే, సీటు రాకపోతే పోయేది, చిన్నమ్మ చెప్పిన చదువు తప్పు కాదని కమిటీ పెద్దాయనే ఒప్పుకున్నాడని నేను పోయి మామ్మకి చెప్పుకునేవాణ్ని. వసారాలో పదిమంది పిల్లల మధ్య చిన్నమ్మ కూర్చుని ఉండేది. ఆమె ఎక్కడ, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పోయేలోపు మళ్లీ ఎవరితోనన్నా ఒక ఇంగ్లీషు మాట పలికిందో లేదో కూడా తెలియదు. అర్థమయినవాళ్లు ఊరుకున్నందుకు ఆమె అన్నేళ్లు కాగితాలు చదవకుండా అంటించింది. దాన్ని నేను క్షమించను.